పోతేరాజు డేటాబేసు చదువు

మా తిమ్మరాజన్నకు ఈ లోకంలో అన్నిటికన్నా బాగా వచ్చిన మాట ఒకటే: "పోతే?"

కరెంటు పోతే? తాళంచెవి పోతే? రైలు పోతే? ఎదురుగా ఉన్నది ఏదైనా సరే, ఆయన కంటికి రేపో మాపో పోయేదిగానే కనిపించేది. పెనుకొండలో మా కంపెనీ గోడౌనుకు ఇరవై ఏడేళ్లుగా ఆయనే ఇన్‌ఛార్జి. అన్నేళ్లలో ఒక్క దారపు పోగు కూడా పోలేదు. అందువల్ల ఆయన భయం తగ్గలేదు సరికదా, ఇంకా పెరిగింది. "ఇన్నేండ్లు ఏమీ పోలేదంటే, పోయేది ఇంగెంత పెద్దగా పోతుందో ఏమో!" అనేవాడు. అందుకే కంపెనీలో అందరూ ఆయన్ను పోతేరాజు అనేవాళ్లు. మొహం మీదే అనేవాళ్లు. ఆయన కోపగించుకునేవాడు కాదు. "ఆ పేరన్నా ఉండనీయండబ్బా. అదీ పోతే ఎట్ల?" అనేవాడు.

గోడౌనుకు నాలుగు తాళంచెవులు చేయించాడు. ఒకటి ఆయన మొలతాడుకు. రెండోది భార్య యశోదమ్మ దగ్గర. మూడోది బామ్మర్ది ఇంట్లో. అంతటితో ఆగవచ్చు కదా? "ముగ్గురం కలిసి ఒకే పెండ్లికి పోతే?" అని ఆలోచించి, నాలుగోది తీసుకెళ్లి, పెళ్లిళ్లకు వెళ్లే అలవాటే లేని ఒక రిటైర్డు హెడ్మాస్టరు దగ్గర పెట్టాడు.

యశోదమ్మ చెప్పే కథ ఇంకొకటి ఉంది. "పెండ్లిచూపులకు పట్టపగలు పన్నెండు గంటలకు వచ్చినాడమ్మా, చేతిలో లాంతరు పట్టుకోని. ఏందప్పా ఇది అని మా నాయన అడిగితే, 'కరెంటు పోతే పిల్లను చూసేదెట్ల మామా?' అన్యాడు. ఇంగా సంబంధమే కుదర్లా, అప్పుడే మామా అంట!"

నా పేరు గంగాదేవి. మాది ధర్మవరం. మా కంపెనీ హిందూపురంలో రైతుల దగ్గర పట్టుగూళ్లు కొని, వాటి నుంచి దారం తీస్తుంది. ఆ దారం పెనుకొండ గోడౌనుకు చేరుతుంది. అక్కడి నుంచి ధర్మవరం కౌంటరుకు వస్తుంది. ఆ కౌంటర్లో కూర్చుని, మగ్గాల వాళ్లకు దారం ఇచ్చి, ఎవరికి ఎంత ఇచ్చానో రిజిస్టర్లో రాసే గుమాస్తాను నేను. నా దస్తూరి ముత్యాల్లా ఉంటుందని పేరు. ఆ దస్తూరి తప్ప నా చేతిలో ఇంకో విద్య లేదు. ఇంట్లో సంపాదించేది నేనొక్కదాన్నే.

అట్లాంటి నా చెవిన పడిన మాట ఇది: "వచ్చే నెల నుంచి రిజిస్టర్లు బంద్."

చెప్పినవాడు మా మేనేజరు సుధాకర్. హిందూపురం ఆఫీసులో మూడూళ్ల గుమాస్తాలను, మొత్తం పదకొండు మందిని, నిలబెట్టి చెప్పాడు. "ఇకమీద అంతా డేటాబేసు. పది రోజులు ట్రైనింగు. పదో రోజు పరీక్ష. కొత్త పద్ధతికి నాకు కావలసింది ఎనిమిది మంది." అని ఆగి, పదకొండు మొహాలనూ ఒక్కొక్కటిగా చూశాడు.

పదకొండులోంచి ఎనిమిది తీస్తే మిగిలేదెంతో అందరం మనసులో లెక్కేసుకున్నాం. తిమ్మరాజన్న ఒక్కడే పైకి అన్నాడు. "సార్, ముగ్గురు పోతే...?"

"పోతారు," అన్నాడు సుధాకర్.

జీవితంలో ఆయన ప్రశ్నకు అంత సూటి జవాబు ఎవరూ ఇచ్చి ఉండరు. ఆ రోజు ఎవరూ నవ్వలేదు.

ట్రైనింగు హిందూపురంలోనే. పొద్దున్నే నేను ధర్మవరంలో ప్యాసింజరు ఎక్కితే, పెనుకొండలో తిమ్మరాజన్న ఎక్కేవాడు. భుజాన ఒక సంచి. మొదటి రోజు ఆ సంచిలో ఏముందో చూశాను. మూడు పెన్నులు, రెండు పెన్సిళ్లు, కొవ్వొత్తి, అగ్గిపెట్టె, రెండు క్యారియర్లు.

"రెండు క్యారియర్లు ఎందుకన్నా?"

"ఒకటి పాచిపోతే?"

"రెండూ ఒకే పొద్దు వండినవి కదా! పాచిపోతే రెండూ పోతాయి."

ఆయన మొహం పాలిపోయింది. ఆ సంగతి అప్పటివరకు ఆయనకు తట్టలేదు. హిందూపురం చేరేదాకా పది నిమిషాలకొకసారి మూత తీసి వాసన చూస్తూనే ఉన్నాడు. నాకేమో నవ్వు రాలేదు. 

కంప్యూటర్ల గదిలోకి చెప్పులు వేసుకుని రాకూడదన్నారు. తిమ్మరాజన్న బెదిరిపోయాడు. "షాకు కొడితే?" అని గుమ్మం దాటలేదు. మర్నాడు కాగితంలో చుట్టిన కొత్త హవాయి చెప్పులు తెచ్చాడు. "ఇవి నేల మీద నడవని చెప్పులు సార్. ఈ గదికే కొన్యా," అని బతిమాలి, వాటితోనే లోపలికి వచ్చాడు. మీట నొక్కాల్సి వస్తే పెన్సిలు వెనక రబ్బరుతో నొక్కేవాడు. నొక్కేటప్పుడు రెండో చేత్తో కళ్లు మూసుకునేవాడు. కాసేపాగి, వేళ్ల సందుల్లోంచి చూసి, "ఉండాది! అంతా ఉండాది!" అనేవాడు.

పాఠం చెప్పేవాడు ప్రేమ్ కుమార్. బెంగళూరు నుంచి వచ్చాడు. మంచివాడే గానీ మాట మహా వేగం. వాక్యం తెలుగులో ఎక్కి, కన్నడంలో మలుపు తిరిగి, ఇంగ్లీషులో దిగేవాడు. "మొదట టేబుల్ చేసుకోబేకు," అన్నాడు మొదటి రోజు.

తిమ్మరాజన్న తలెత్తి గదంతా ఒకసారి కలియజూశాడు. తర్వాత చెయ్యెత్తాడు. "ఏ టేబులు సార్? ఈ టేబులు సేసే ఉండాది గదా?"

గదంతా గొల్లుమంది. ప్రేమ్ కుమార్ తలపట్టుకుని, మళ్లీ మొదటి నుంచి, ఈసారి నిదానంగా చెప్పాడు. టేబులంటే గళ్లు గీసిన పట్టిక. రైతులకు ఒకటి, విడతవారీగా కొన్న గూళ్ల లాట్లకు ఒకటి, మగ్గాల వాళ్లకు ఒకటి. నేనూ నవ్వాను. నవ్వుతూనే గబగబా రాసుకున్నాను. నిజం చెప్పొద్దూ, ఆ టేబులు ఏ టేబులో అప్పటిదాకా నాకూ తెలియదు.

చెయ్యెత్తే ముందు అట్లా గదంతా చూడటం ఆయనకు అలవాటు. పారిపోవడానికి దారి వెతుకుతున్నాడేమో అనుకునేదాన్ని.

రెండో రోజు కీ వచ్చింది. "ప్రతి రైతుకు ఒక నంబరు. ఆ నంబరే కీ. అది రిపీట్ కాకూడదు," అన్నాడు ప్రేమ్ కుమార్.

"కీ అంటే తాళంచెవే గదా సార్? పోతే?"

"పోదు."

"మా గోడౌనుకు నాలుగు సేయించినా సార్."

"దీనికి ఒకటే ఉండాలి!"

తిమ్మరాజన్న గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. ఒక్కటే తాళంచెవితో ప్రపంచం ఎట్లా నడుస్తుందో ఆయనకు అంతుపట్టలేదు. మధ్యాహ్నం ఫారిన్ కీ అన్నారు. ఒక టేబులు కీ ఇంకో టేబుల్లో ఉంటుందని, దాంతో రెండిటికీ సంబంధం కుదురుతుందని ప్రేమ్ కుమార్ బోర్డు నిండా బాణాలు గీశాడు. ఆ బాణాలు చూస్తుంటే నా కళ్లు తిరిగాయి. పెన్ను ఆగిపోయింది.

తిమ్మరాజన్న గదంతా చూసి చెయ్యెత్తాడు. "అంటే సార్, నా గోడౌను చెవి మా బామ్మర్ది ఇంట్లో ఉండాది. ఆ చెవి చూసినోడు ఎవడైనా, ఈ ఇంటికీ ఆ గోడౌనుకూ సుట్టరికం ఉండాదని కనిపెడ్తాడు. అంతేనా?"

ప్రేమ్ కుమార్ కాసేపు ఆయన్నే చూసి, "...అంతే," అన్నాడు. రెండు గంటల పాఠం నాకు ఆ ఒక్క ముక్కలో అర్థమైంది.

మూడో రోజు నల్ వచ్చింది. గడిలో ఏమీ లేకపోతే దాన్ని నల్ అంటారట. "అది సున్నా కాదు. ఖాళీ అక్షరమూ కాదు. తెలియదు అని అర్థం," అన్నాడు ప్రేమ్ కుమార్.

"అంటే నా మాదిరి," అన్నాడు తిమ్మరాజన్న.

నాలుగో రోజు మాత్రం ఎవరూ నవ్వలేదు. ఆ రోజు డిలీట్.

ప్రేమ్ కుమార్ గోడ మీది పెద్ద తెర మీద రైతుల పట్టిక చూపించాడు. అమరాపురం, పరిగి, లేపాక్షి, ఊరూరి రైతులు, పన్నెండు వందల పైచిలుకు పేర్లు. మాకు ఆ పేర్లన్నీ మనుషులే. దేవప్ప అంటే ఎవరో, ఆయన మల్బరీ తోట ఎక్కడో మాకు తెలుసు. ప్రేమ్ కుమార్ ఒక్క వాక్యం కొట్టి, మీట నొక్కాడు. తెర తెల్లగా అయిపోయింది. ఒక్క పేరు లేదు.

 

"భయపడొద్దు, ఇది నకలు," అని ప్రేమ్ కుమార్ మళ్లీ పేర్లన్నీ తెప్పించాడు. కానీ తిమ్మరాజన్న అప్పటికే లేచి నిలబడ్డాడు.  "ఇరవై ఏడేండ్లు కావిలి కాసినా సార్. దొంగలొస్తారని భయపడినా. ఎలుకలొస్తాయని భయపడినా. నిప్పంటుకుంటుందని భయపడినా. ఇట్ల ఒక్క యేలితో అంతా పోతుందని నాకు తోచనే లేదు సార్."

"అందుకే వేర్ రాయాలి," అన్నాడు ప్రేమ్ కుమార్. "వేర్ అంటే ఎక్కడ. ఏ ఊరివాళ్లను తీసెయ్యాలో, ఏ నంబరు తీసెయ్యాలో చెప్పాలి."

"యాడ అని."

"ఆఁ, యాడ అని."

"యాడ అని చెప్పకుండా నొక్కితే?"

"అన్నీ పోతాయి."

ఆ క్షణం నుంచి అది ఆయనకు జపమైపోయింది. పాఠం మధ్యలో, టీ తాగేటప్పుడు, రైలెక్కేటప్పుడు. "యాడ అని చెప్పకుండా నొక్కితే అన్నీ పోతాయి గదా సార్?" ప్రేమ్ కుమార్ మొదట్లో జవాబు చెప్పేవాడు. తర్వాత తలూపేవాడు. చివరికి తిమ్మరాజన్న నోరు తెరవగానే, "పోతాయి, పోతాయి!" అని చెవులు మూసుకునేవాడు.

ఐదో రోజు సుధాకర్ వచ్చాడు. పాఠం రెండు రోజులు వెనకబడిందని తెలిసి మండిపడ్డాడు. "ఎందుకింత ఆలస్యం?" అని నా వైపే చూసి అడిగాడు.

ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. భయంతో నోటికొచ్చింది అనేశాను. "రాజన్న ప్రశ్నలతోనే సగం పొద్దు అయిపోతాంది సార్."

సుధాకర్ ఆయన్ను నిలబెట్టాడు. "చూడు తిమ్మరాజూ, ఇంకొక్క ప్రశ్న అడిగితే పరీక్ష దాకా అక్కరలేదు. ఆ ముగ్గురిలో మొదటి పేరు నీదే రాసుకుంటా."

తిమ్మరాజన్న నా వైపు చూడలేదు. "సరే సార్," అని కూర్చున్నాడు. సాయంత్రం రైల్లో నాకు మామూలుగానే వేరుశనక్కాయలు పెట్టాడు. అవి తినకుండా కొంగులో కట్టుకున్నాను.

ఆరో రోజు ఆయన నోరు విప్పలేదు. పాఠం రైలుబండిలా సాగింది. ప్రేమ్ కుమార్ ఆ రోజు జాయిన్ చెప్పాడు. రెండు మూడు టేబుళ్లను కలిపి, వాటిలోంచి కావలసింది బయటికి తీయడం. ఎడమ జాయిన్ అన్నాడు, కుడి జాయిన్ అన్నాడు, లోపలి జాయిన్ అన్నాడు. పావుగంటకే నా పెన్ను ఆగిపోయింది. ఎవరైనా అడుగుతారేమోనని చూశాను. వెనక కూర్చున్న గుమాస్తా మారెప్ప దిక్కులు చూస్తున్నాడు. ఆ పక్కన వీరేష్ అర్థమైనట్టు తలూపుతున్నాడు గానీ, అతని కాగితం తెల్లగానే ఉంది. ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. అడిగితే, తెలియదని తెలిసిపోతుంది. తెలిసిపోతే, ముగ్గురిలో ఒకదాన్నవుతాను.

సాయంత్రం ఆఫీసు వెనక కొళాయి దగ్గర మొహం కడుక్కుంటూ ఏడ్చాను. తలెత్తేసరికి తిమ్మరాజన్న సీసాలో నీళ్లు పట్టుకుంటున్నాడు. "ఈ కొళాయిలో నీళ్లు రేపు పోతే?" అన్నాడు, నన్ను చూడనట్టే. రెండో సీసా కూడా నింపుకుని వెళ్లిపోయాడు.

ఏడో రోజు పొద్దున, ప్రేమ్ కుమార్ ఇంకా బోర్డు తుడవకముందే చెయ్యి లేచింది. తిమ్మరాజన్నదే.

"సార్, నిన్న చెప్పినదంతా పోయింది సార్."

"యావుదు పోయింది?"

"మొత్తం. జాయినంతా. మళ్లా చెప్పండి."

 సుధాకర్ గది పక్కనే ఉంది, తలుపు తీసే ఉంది. ప్రేమ్ కుమార్ ఆ తలుపు వైపు చూశాడు. నెమ్మదిగా వెళ్లి దాన్ని మూశాడు. తర్వాత జాయిన్ మొదటి నుంచి చెప్పాడు. నిదానంగా, పూర్తి తెలుగులో.

ఆ రోజు మేం స్వయంగా రైతుల పట్టికను, లాట్ల పట్టికను, మగ్గాల పట్టికను కలిపాం. నా తెర మీద ఒక వరస వచ్చింది. అమరాపురం దేవప్ప తోట గూళ్లు, ఏడు వందల పన్నెండో లాటు, ధర్మవరంలో గిరి మగ్గం. గిరి మా వీధివాడే. ఎన్నో ఏళ్లుగా నా చేతి మీదుగానే దారం తీసుకుంటున్నాడు. ఆ దారం ఎవరి తోటలో పుట్టిందో అతనికీ తెలియదు, నాకూ తెలియదు. నా ముత్యాల దస్తూరితో పాతిక రిజిస్టర్లు రాశాను గానీ, ఈ ఇద్దరినీ ఒక్కసారీ పక్కపక్కన చూడలేదు. మొట్టమొదటిసారి ఆ యంత్రం మీద భయం పోయి, ఇష్టం పుట్టింది. నా వెనక నుంచి తిమ్మరాజన్న, "ఉండాది! అంతా ఉండాది!" అంటున్నాడు.

పదో రోజు పరీక్ష. రెండు గంటల సమయం, పది పనులు. ఎవరి తెర మీద వాళ్లకు పట్టికల నకలు ఒకటి ఇచ్చారు. సుధాకర్ స్వయంగా కాపలా. మాట్లాడితే మార్కుల కోత అన్నాడు. తిమ్మరాజన్న నా వెనక వరసలో కూర్చున్నాడు.

ఆరు పనులు ఎట్లాగో చేశాను. ఏడోది, తోట మానేసిన ముగ్గురు పరిగి రైతుల పేర్లు తీసెయ్యడం. గడియారం చూశాను. ఇరవై నిమిషాలే ఉంది. కంగారులో డిలీట్ అని కొట్టాను. పట్టిక పేరు కొట్టాను. వేలు మీట మీదికి వెళ్లింది.

"సార్!"

గదంతా ఉలిక్కిపడింది.

"యాడ అని చెప్పకుండా నొక్కితే అన్నీ పోతాయి గదా సార్?"

"తిమ్మరాజూ! ఇది పరీక్ష!"

"అది తెలుసు సార్. యాడ అని..."

"నోర్ముయ్! ఐదు మార్కులు కోత!"

"ఐదేనా సార్?" అని, తిమ్మరాజన్న ఎంతో తృప్తిగా కూర్చున్నాడు.

నా వేలు గాలిలోనే ఆగి ఉంది. తెర చూసుకున్నాను. నా వాక్యంలో వేర్ లేదు. నొక్కి ఉంటే రైతులందరూ పోయేవాళ్లు, వాళ్లతో పాటే మిగతా మూడు పనులూ, నా ఉద్యోగమూ.  వేర్ రాసి, మూడు నంబర్లు ఇచ్చి, కళ్లు మూసుకుని నొక్కాను. కళ్లు తెరిస్తే అంతా ఉంది, ముగ్గురు తప్ప.

అది సాయమా, కాపీనా అని తర్వాత చాలాసార్లు ఆలోచించాను. ఆయన అడిగింది వారం రోజులుగా అందరినీ విసిగిస్తున్న ప్రశ్నే. అది కాపీ అని ఎవరంటారు?

సాయంత్రం ఐదింటికి సుధాకర్ ఫలితాలు చదివాడు. మొదటి పేరు హిందూపురం బాలాజీ, యాభైకి నలభై ఆరు. రెండో పేరు చూసి ఆగాడు. కాగితం తిప్పి వెనక చూశాడు. మళ్లీ ముందు చూశాడు.

"తిమ్మరాజు. నలభై ఐదు," అన్నాడు. "కోసిన ఐదూ కలిపితే యాభై."

"యాడో తప్పు పడినట్లుండాది సార్, ఇంకోసారి చూడండి," అన్నాడు తిమ్మరాజన్న బిక్కమొహంతో.

ఏడో పేరు మారెప్పది. ఎనిమిదోది నాది.  మిగిలిన ముగ్గురూ తల వంచుకున్నారు. వాళ్లలో వీరేష్ ఒకడు. అప్పుడు తిమ్మరాజన్న గదంతా ఒకసారి చూసి, చెయ్యెత్తాడు. "సార్, ముగ్గురు పోతే...?"

సుధాకర్ చేతిలోని కాగితంలో ఆ నలభై ఐదును మరోసారి చూశాడు. "పోరులే," అన్నాడు చివరికి. "నెల తర్వాత మళ్లీ పరీక్ష పెడతా. అప్పటిదాకా వాళ్లకు నేర్పేది నువ్వే. ఎన్ని ప్రశ్నలు అడుగుతావో అడుగు!"

అందరూ వెళ్లిపోతుంటే, వైర్లు చుట్టుకుంటున్న ప్రేమ్ కుమార్ నన్ను పిలిచాడు. "మీ రాజన్నకు మొదటి రోజుకే అంతా వచ్చు. గొత్తా, తెలుసా మీకు? పెనుకొండలో నెట్ సెంటరుకు పోయి, పది రోజుల పాఠం ముందే చదివేశాడు, ట్రైనింగులో ఏమీ తెలియకపోతే ఎట్లా అనే భయంతో. ఆరో రోజు సాయంత్రం నేను పట్టుకుని అడిగాను, తెలిసి తెలిసి నా ప్రాణం ఎందుకు తీస్తున్నారని."

"ఏమన్నాడు?"

"'రెండో వరసలో గంగాదేవి పెన్ను ఆగిపోయింది సార్. మారెప్ప గోడ చూస్తాండాడు. వాళ్లు అడగరు, భయం. నాదంటే అందరికీ తెలిసిన భయమే గదా, ఇంగ దాచుకునేదేముండాది? మీరు నన్నే తిట్టండి,' అన్నాడు." ప్రేమ్ కుమార్ సంచి భుజాన వేసుకున్నాడు. "ఆ రోజు నుంచి నేను బోర్డు చూడటం మానేశాను. ఆయన చెయ్యి చూసి పాఠం చెప్పాను."

రైల్లో ఆయన ఎదురుగా కూర్చున్నాను.  "అన్నా, ఆ రోజు సుధాకర్ సారుతో నీ మీద చాడీ చెప్పినా."

"చాడీ ఏముండాది? నిజమే గదా, సగం పొద్దు నాతోనే అయిపాయ."

"నాకోసమే అడిగినావంట గదా?"

తిమ్మరాజన్న కిటికీలోంచి బయటికి చూశాడు. మెడ వెనక గోక్కున్నాడు. "నువ్వు పోతే ఆ కౌంటర్లో ఎవరో కొత్తోళ్లొస్తారు. వాళ్లెట్లాంటోళ్లో ఏమో. ఫోన్ చేస్తే ఏమంటారో ఏమో. నాకు కొత్తోళ్లంటే భయమమ్మా," అన్నాడు.

నేను నవ్వాపుకోలేకపోయాను. నన్ను చూసి ఆయనా నవ్వాడు. పది రోజుల్లో మేమిద్దరం కలిసి నవ్వడం అదే మొదటిసారి. ఏడో రోజు సుధాకర్ తలుపు తీసి ఉండటం చూసి తన కాళ్లు ఎట్లా వణికాయో ఆయన అభినయించి చూపిస్తుంటే, పక్క సీటువాళ్లు కూడా నవ్వారు. ఆ నవ్వుల్లో పెనుకొండ వచ్చింది, పోయింది. ఎప్పుడూ స్టేషను రావడానికి అరగంట ముందే తలుపు దగ్గర నిలబడే మనిషి, బండి కదిలి వేగం అందుకున్నాక గానీ గమనించలేదు.

"పాయ!" అన్నాడు.

నేను హడలిపోయి ఆయన మొహం చూశాను. భయం కోసం వెతికాను. కనబడలేదు. ఫోన్ తీసి, "యశోదా, స్టేషను పాయ. ధర్మవరం పోతాండా," అన్నాడు. అవతల నుంచి యశోదమ్మ గొంతు నాకూ వినబడింది. "నిజంగా నువ్వేనా మాట్లాడేది?"

తిరుగు బండికి రెండు గంటలుందంటే మా ఇంటికి తీసుకెళ్లాను. ఇంట్లో మా నాయన మగ్గం ముందు కూర్చుని ఉన్నాడు. చూపు మందగించాక ఆయన నేత తగ్గింది, మాట ఇంకా తగ్గింది. కొత్తవాళ్లొస్తే తలెత్తి చూసేవాడు కూడా కాదు. తిమ్మరాజన్న చేతులు వెనక్కి కట్టుకుని, ముట్టుకుంటే ఏమవుతుందో అన్నట్టు మగ్గానికి రెండడుగుల దూరంలో నిలబడ్డాడు. కాసేపు మా నాయన్నే చూశాడు. తర్వాత, "ఏమప్పా, ఈ పోగు తెగితే ఎట్ల?" అన్నాడు.

మా నాయన తలెత్తాడు. "తెగితే ముడేస్తాం."

"ముడి కనపడదా?"

"కనపడితే అది ముడెట్లయితాది? ఇట్ల రా, చూపిస్తా."

నేను వంటింట్లోకి వెళ్లి పొయ్యి వెలిగించాను. బయట ఇద్దరి గొంతులు. "అంచు పోతే?" "ఈ జరీ పోతే?" "కొలత తప్పిపోతే?" ఒక్కొక్కదానికీ మా నాయన పడుగు చూపించి, పేక చూపించి, తన పదిహేనో ఏట నేసిన మొదటి చీర దాకా వెళ్లి చెబుతున్నాడు. ఆయన అన్ని మాటలు మాట్లాడి రెండేళ్లయింది.

అంతలో నా ఫోన్ మోగింది. యశోదమ్మ. "ఏమ్మా, ఏం సేస్తాండాడు మా ఆయన? భయపడతాండాడా?"

"లేదక్కా. మగ్గం గురించి మా నాయన్ను అడుగుతాండాడు. పోగు తెగితే ఎట్ల, జరీ పోతే ఎట్ల అని."

 అవతల పకపకా నవ్వు. "అయ్యో, మా పుట్టినిల్లు మగ్గాలిల్లే గదమ్మా! పెండ్లయినంక మూడేండ్లు మా నాయన పక్కన కూర్చోని చీరలు నేసినాడు ఆయప్ప. ఆ మగ్గంలో ఆయనకు తెలియని పోగుండాదా?"

ఫోన్ పెట్టేసి వంటింటి గుమ్మంలోంచి చూశాను. తిమ్మరాజన్న కళ్లు విప్పార్చి, నోరు తెరిచి, ఏమీ తెలియని మొహంతో వింటున్నాడు. మా నాయన ఆయన చెయ్యి పట్టుకుని, వేళ్లకు దారం చుట్టి, ముడి వేయడం నేర్పిస్తున్నాడు.

"ఇట్లనా?" అని తిమ్మరాజన్న కావాలనే తప్పు వేశాడు.

"ఛ ఛ, అట్ల కాదప్పా!" అన్నాడు మా నాయన హుషారుగా. "మళ్లా మొదట్నుంచి చెప్తా, చూడు."

అన్నం వడ్డించడానికి నేనేమీ తొందరపడలేదు.